మొసలమ్మ పడిపోయిందట

అతన్ని ఆ వీధిలో అందరూ పళ్ళమేస్త్రి అనే పిలుస్తారు. ఇళ్ళ మేస్త్రి ఇటుక మీద ఇటుక పేర్చినట్టు ఇతను చిగురు మీద పన్ను పేరుస్తాడు. పళ్ళ డాక్టర్లు జనం నోళ్ళ కొలతలు తీసి పంపిస్తే, వాటికి ప్లాస్టర్‌తో అచ్చు పోసి, మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టి, గులాబీరంగు చిగుళ్ళు కట్టి, నున్నగా చేయించి, డబ్బాలో పెట్టి తిప్పి పంపడం అతని పని. తను కట్టిన పళ్ళు ఎవరి నోట్లోకి చేరాయో ఎప్పుడూ తెలియదు. అందుకని బస్సులో ఎవరైనా పెద్దాయన బిగ్గరగా నవ్వితే ముఖం వదిలేసి నోట్లోకి చూస్తాడు. భార్య బస్సు కండక్టరు. "అలా నోళ్ళలోకి తొంగి చూడకండి. ఏదో ఒక రోజు మిమ్మల్ని స్టాపు కాని చోట దించేస్తారు" అని ఆవిడ ఎన్నిసార్లు మొత్తుకున్నా ఆ అలవాటు పోలేదు.

మనిషి మెత్తన. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. తాగుడు లేదు, పేకాట లేదు, పొరుగువాళ్ళతో పేచీ లేదు. ఉన్నదల్లా ఒకే ఒక్క ఊతపదం. "సాయంత్రం చూద్దాంలే." కుళాయి కారుతోందన్నా అదే, కిటికీ తలుపు ఊడిందన్నా అదే. ఆ సాయంత్రం మాత్రం వచ్చేది కాదు. ఎందుకంటే సాయంత్రాలన్నీ ఒక మొసలి మింగేసేది.

మొసలి అంటే కంగారు పడకండి. అరచేతుల్లో పట్టే రైలింజను బొమ్మ. వీధి చివర గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకడుండేవాడు. నోట్లో ఒక్క పన్నూ లేక, నమిలే యోగం పోయిందని దిగులుపడుతుంటే, మన మేస్త్రి తీరిక వేళల్లో కూర్చుని పైవీ కిందివీ రెండు సెట్లూ కట్టిపెట్టాడు. పెద్దాయన పొంగిపోయి, పోయేముందు తన బీరువాలోంచి ఒక అట్టపెట్టె తీసిచ్చాడు. "ఇది స్విట్జర్లాండ్ కొండల్లో సరుకు రైళ్ళు లాగిన కరెంటు ఇంజనుకి నకలు. అసలుదాన్ని అక్కడి జనం ముద్దుగా మొసలి అనేవారు. తిరగడం లేదు. నువ్వు తిప్పగలవు" అన్నాడు.

చూస్తే మొసలే. ముందొక పొడుగాటి ముక్కు, వెనకొక పొడుగాటి ముక్కు, మధ్యలో డ్రైవరు గది. మూడు ముక్కలకీ మధ్య కీళ్ళు. మలుపు వచ్చినప్పుడు ముందు ముక్కు తిరుగుతుంది, తర్వాత నడుము, ఆ తర్వాత వెనక ముక్కు. ఒంటినిండా ముదురాకుపచ్చ. చక్రాల పక్కన ఇనప కడ్డీలు మోచేతుల్లా ముందుకీ వెనక్కీ ఆడతాయి. వాటిలో ఒక కడ్డీ విరిగిపోయి ఉంటే, కట్టుడు పళ్ళకి కొక్కేలు చేసే తీగతోనే మేస్త్రి కొత్తది చేసి తగిలించాడు. అది మొదటిసారి గోడవార గుండ్రంగా తిరిగిన రోజున అతను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత ఇంట్లో చివరి చిన్నగది రైలు గది అయిపోయింది. నాలుగు గోడలకీ మనిషి తలకంటే కొంచెం ఎత్తులో చెక్క అర బిగించి, దాని మీద పట్టాలు పరిచాడు.

పనిచేసే చోట ఈ కథ అందరికీ తెలుసు. అక్కడ పళ్ళకి పాలిష్ పట్టేవాడొకడున్నాడు. లోకంలో మగాళ్ళంతా వాడికి బావలే, అందుకని వాణ్ణి బావగాడంటారు. వాడే ఆ ఇంజనుకి మొసలమ్మ అని పేరు పెట్టాడు. "ఏం బావా, మొసలమ్మ పళ్ళు తోముకుందా ఇవాళ?" అని పొద్దున్నే పలకరిస్తే గది గదంతా నవ్వేది. మేస్త్రి కూడా నవ్వేవాడు. నిజం చెప్పాలంటే ఆ వేళాకోళం అతనికి ఇష్టమే.

ఇక ఇంట్లో రెండో అమ్మ. కాదు, మొదటి అమ్మ. మేస్త్రి తల్లి. తండ్రి పోయేనాటికి మేస్త్రికి ఊహ తెలియదు. ఆమె లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేసి కొడుకుని పెంచింది. ఆవిరికి ఆమె చేతులెప్పుడూ ఉడికినట్టుండేవి. పళ్ళు తొందరగా ఊడిపోయాయి. కొడుకు ఈ పని నేర్చుకునే రోజుల్లో మొట్టమొదటి సెట్టు కట్టింది ఆమె నోటికే. అది చిగుళ్ళని కోసేసి పుళ్ళు చేసింది. అయినా "పువ్వుల్లా ఉన్నాయిరా" అని వారం పైన అలాగే పెట్టుకు తిరిగింది. చివరికి పని నేర్పే పెద్దమేస్త్రి ఆమె నోరు తెరిపించి చూసి, కొడుకు వీపు మీద ఒకటిచ్చి, పళ్ళు సరిచేయించాడు.

ఆమెకి నోరెక్కువ. మాటకు మాట అంటించాల్సిందే. ఇంజను పేరు విన్నరోజే అంది, "పళ్ళు పెట్టుకుంటే నేనూ మొసలినే. తీస్తేనే ముసలిని." కోడలు పగలబడి నవ్వింది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ముసలమ్మ ఎవరో, మొసలమ్మ ఎవరో కావాలనే కలిపేసి మాట్లాడుకునేవాళ్ళు. "ముసలమ్మకి నూనె వేశారా?" "మొసలమ్మ మందు మింగిందా?" ఇలా సాగేది సరదా. ఆ సరదాయే కొంప ముంచుతుందని ఎవరికి తెలుసు?

ఈమధ్య ముసలమ్మకి కింది పళ్ళు వదులయ్యాయి. వయసు మీదపడేకొద్దీ కింది చిగురు అరిగిపోతుంది. అప్పుడు పళ్ళ సెట్టు లోపలివైపు కొత్త పూత పోసి మళ్ళీ కుదుర్చుకోవాలి. మేస్త్రికి అది ఎడమచేత్తో చేసే పని. ఊళ్ళోవాళ్ళందరికీ చేస్తాడు.

"ఒరేయ్, కింది పళ్ళు ఆడుతున్నాయిరా" అందామె ఒక పొద్దున. "రొట్టె నమలబోతే రొట్టె కంటే ముందు అవే లేచొస్తున్నాయి."

"సాయంత్రం చూద్దాంలే అమ్మా."

సాయంత్రం రాగానే అతను రైలు గదిలోకి వెళ్ళేవాడు. ముందు కుంచెతో మొసలి మీద దుమ్ము దులపాలి. తర్వాత కీళ్ళలో చుక్క నూనె. తర్వాత అర మేకులు ఒకసారి చూసుకోవాలి. తలుపు దగ్గర అర కొంచెం కుంగింది, మొసలి ఎప్పుడు కిందపడి ముక్కు విరగ్గొట్టుకుంటుందోనని అతనికి అదొక బెంగ. ఇవన్నీ అయ్యాక పళ్ళు చూద్దామని బయటికొచ్చేసరికి తల్లి పడుకునేది. మర్నాడు మళ్ళీ ఆ మాటే, మళ్ళీ ఆ జవాబే. దీపం కిందే చీకటని ఊరికే అన్నారా? పళ్ళమేస్త్రి తల్లి పాలలో నానబెట్టిన రొట్టె చప్పరిస్తూ రోజులు గడిపింది.

ఆ రోజు భార్య దూరపు రూటు బస్సెక్కింది, సాయంత్రం దాకా ఫోనుకి దొరకదు. మేస్త్రి పనిచేసే చోట ప్లాస్టర్ దుమ్ముకి పాడవుతాయని సెల్‌ఫోన్లన్నీ ముందుగదిలో సొరుగులో పెట్టించేస్తారు. లోపల ఉండేది గోడకి వేలాడే పాత ఫోనొకటే. అదీ పాలిష్ యంత్రం పక్కన. పొద్దెక్కాక అది మోగింది. బావగాడు ఒక చేత్తో యంత్రానికి పళ్ళు ఆనించి పట్టుకునే, రెండో చేత్తో ఫోనెత్తాడు. యంత్రం గుయ్యిమంటోంది. కాసేపు విని, గది అవతలికి కేక వేశాడు.

"బావోయ్! మీ కింద ఇంటి టైలరమ్మ. మీ మొసలమ్మ పడిపోయిందట!"

గది ఘొల్లుమంది. "అయ్యో, మూతి పళ్ళు రాలాయా?" అన్నారొకరు. మేస్త్రి మాత్రం చేతిలో మైనం వదిలేసి లేచాడు. అనుకున్నంతా అయింది, తలుపు దగ్గర అర ఊడిందన్నమాట. అమ్మకి ఫోను చేయడం రాదు కాబట్టి టైలరమ్మ చేత చేయించి ఉంటుంది. తనకి ఆ ఇంజనంటే ఎంత ప్రాణమో అమ్మకి తెలుసు కదా అనుకున్నాడు.

"ఎక్కడ పడింది?" అని అరిచాడు.

"రైలు గదిలోనట!"

"దెబ్బ బాగా తగిలిందా?"

"అసలు కదలట్లేదట!"

"ఎవరూ ముట్టుకోవద్దని చెప్పు! ఎలా పడిందో అలాగే ఉండనీమను. ఎత్తబోతే కీళ్ళ దగ్గర విరుగుతుంది. నేనొచ్చి చూసుకుంటానని చెప్పు!"

బావగాడు ఆ మాటలన్నీ పొల్లుపోకుండా ఫోన్లో అప్పజెప్పి, పెట్టేశాడు. కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ ఇంట్లో ఒకే పూట రెండూ జారాయి, రెండూ తీసుకోలేనివే అయ్యాయి.

మేస్త్రి ఆ పూట పని సరిగ్గా చేయలేకపోయాడు. ఒక కోరపన్ను వంకర పెట్టి మళ్ళీ తీసి పెట్టాడు. డాక్టరు మనిషి వచ్చే వేళకి ఇవ్వాల్సిన సెట్టు ఒకటుంటే అది ముగించాడు. అందరితో కూర్చుని అన్నం తిన్నాడు. "దిగులు పడకు బావా, మొసలి కన్నీళ్ళు నువ్వు కార్చేలా ఉన్నావు" అని బావగాడంటే నవ్వాడు కూడా. తర్వాత పెద్దమేస్త్రిని అడిగి కొంచెం ముందుగా బయల్దేరాడు. నేరుగా ఇంటికి వెళ్ళాడా అంటే అదీ లేదు. దారిలో సామాన్ల కొట్టు దగ్గర ఆగి, ఇనుముకి ఇనుము అతికే జిగురు ఏది మంచిదో కొట్టువాణ్ణి పదిరకాలుగా అడిగి, ఒక గొట్టం, సన్న మేకులు కొన్ని తీసుకున్నాడు.

టైలరమ్మ మెట్ల మీదే ఎదురైంది. "వచ్చారా బాబూ! ఇప్పటికి నాకు ప్రాణం లేచొచ్చింది."

"ఎలా ఉంది? ముక్కు విరిగిందా?" అంటూ అతను రెండేసి మెట్లు ఎక్కాడు.

"ముక్కుకేం కాలేదు. నడుం దగ్గరే..."

ఇద్దరూ అలా మాట్లాడుకుంటూనే ఇంటి గుమ్మంలోకి వచ్చేశారు. "నడుమేనా!" అన్నాడతను గట్టిగా ఊపిరి వదిలి. "నడుమైతే అతికించుకోవచ్చులెండి. ముక్కు పోతేనే మళ్ళీ దొరకదు. జిగురు కూడా తెచ్చాను."

టైలరమ్మ అతని చేతిలో గొట్టం వంక, ముఖం వంక మార్చి మార్చి చూసింది. మనిషికి కంగారులో మతి పోయిందనుకుందేమో, పక్కకి తప్పుకుంది. అతను ఆమెని దాటుకుని రైలు గదిలోకి వెళ్ళాడు.

మొసలి అర మీద చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. ముందు ముక్కు తళతళలాడుతోంది. వెనక ముక్కు మీద దుమ్ము అలాగే ఉంది. కింద పక్కకి ఒరిగిన స్టూలు. ఆ స్టూలుకీ గోడకీ మధ్య, గచ్చు మీద, తల కింద టైలరమ్మ పెట్టిన దిండుతో, అతని తల్లి. ఒక కాలు పక్కకి తిరిగిపోయి ఉంది. చేతిలో అతని కుంచె ఇంకా పట్టుకునే ఉంది.

జిగురు గొట్టం ఎక్కడ పడేశాడో తెలియదు.

"వచ్చావా" అంది తల్లి. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "నువ్వు చెప్పినట్టే కదల్లేదురా. దానికేం కాలేదు, చూసుకో."

వెనకనుంచి టైలరమ్మ అందుకుంది. పొద్దున్నుంచీ గుండెలో పెట్టుకున్నదంతా ఒక్కసారి కుమ్మరించింది. "మా ఆయన్ని పిలిచి మంచం మీదికి చేరుద్దామనుకున్నాను బాబూ. ముట్టుకోవద్దన్నారని ఆగాను. పోనీ అంబులెన్సుకి ఫోన్ చేస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. మావాడు వచ్చి చూసుకుంటానన్నాడుగా, వాడికి తెలియదా అంటుంది. నాలుగుసార్లు అడిగాను. స్టూలెందుకు ఎక్కారండీ ఈ వయసులో అంటే ఏమందో తెలుసా? రోజూ మీరు ఆ బొమ్మ తుడుచుకునేసరికే పొద్దుపోతోందట. ఆ తుడిచే పనేదో తను చేసిపెడితే, సాయంత్రం పళ్ళు చూస్తారనట."

ఆ తర్వాత ఫోను చేయడం, అంబులెన్సు రావడం, ఇద్దరు మనుషులు స్ట్రెచర్ని మలుపులున్న ఆ మెట్ల మీంచి వంచి తిప్పి దించడం, ఏదీ అతనికి వరసగా గుర్తులేదు. మలుపు దగ్గర ఆమె అరిచిన అరుపొక్కటే గుర్తుంది.

తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే చూసి, "లేపి నిలబెట్టే ప్రయత్నం చేయలేదు, అది మంచి పని. చాలామంది కంగారులో ఎత్తి ఇంకా పాడుచేస్తారు. ఎవరు చెప్పారు కదపొద్దని?" అనడిగాడు.

"నా కొడుకే" అంది ముసలమ్మ స్ట్రెచర్ మీదనుంచే.

డాక్టరు మేస్త్రి వంక మెచ్చుకోలుగా తలూపాడు. అంతలోనే కనుబొమలు ముడిచాడు. "కానీ ఇంత ఆలస్యం చేశారేంటి? ఈ వయసు మనిషిని ఇంతసేపు చల్లటి గచ్చు మీద ఉంచితే ఎలా? ఊపిరితిత్తులకి ఇప్పటికే ఇబ్బందిగా ఉంది. వెంటనే తీసుకురావద్దా?"

మేస్త్రి నోరు తెరిచాడు. అంతలో తల్లే అంది, "దారిలో బళ్ళు ఆగిపోయాయి బాబూ. వాడేం చేస్తాడు?"

ఆపరేషన్‌కి తీసుకువెళ్ళే ముందు నర్సు ఆమె పళ్ళు తీయించి, చిన్న డబ్బాలో పెట్టి అతని చేతికిచ్చింది. ఏం చేయాలో తోచక ఆ డబ్బా పట్టుకుని అతను పనిచేసే చోటికి వెళ్ళాడు. అందరూ వెళ్ళిపోయారు, బావగాడొక్కడే ఊడుస్తున్నాడు. మేస్త్రి తన బల్ల దగ్గర కూర్చుని కింది సెట్టు లోపల పాత పూత గీకేశాడు. ఆమె నోటి అచ్చు అరలోనే ఉంది. తన దగ్గరుంటే ఎప్పుడైనా పనికొస్తుందని కొద్దినెలల కిందటే తీసిపెట్టుకున్నాడు, అంతే, తర్వాత దాన్ని ముట్టుకోలేదు. పూత కలిపి, పోసి, కుదిర్చి, అంచులు అరగదీశాడు. బావగాడు తెచ్చిపెట్టిన టీ పూర్తిగా చల్లారక ముందే పనైపోయింది. ఇన్నాళ్ళూ వాయిదా వేసింది ఇంత చిన్న పని. అప్పుడు ఏడుపొచ్చింది. మొసలి కన్నీళ్ళు అంటారే, అవి ఇవేనా అని అతనికి తన మీద తనకే అనుమానం కలిగింది.

విషయం విన్నాక బావగాడు కుర్చీలో కూలబడ్డాడు. "ముసలమ్మ అనే అందా ఆవిడ? నా చెవులు తెగిపోను బావా! ఆ యంత్రం ఆపి విన్నా బాగుండేది."

"నీ చెవులదేం తప్పురా. పడిందనగానే నాకు మొసలే గుర్తొచ్చింది, మనిషి గుర్తుకు రాలేదు" అన్నాడు మేస్త్రి. "ఎక్కడా అనకు. అమ్మకి తెలియకూడదు."

భార్యకి మాత్రం దాచలేకపోయాడు. ఆవిడ ఆసుపత్రి వరండాలో యూనిఫారంతోనే నిలబడి, చివరిదాకా విని, ముఖం పక్కకి తిప్పుకుంది. తర్వాత అంది, "వందసార్లు చెప్పాను ఆవిడ పళ్ళ సంగతి చూడమని."

"అమ్మకి చెప్పేస్తాను. లోపల పెట్టుకోలేను."

"చెప్పి? మీ బరువు దింపి ఆవిడ నెత్తిన పెడతారా? నొప్పితో ఉన్న మనిషి. మీ టికెట్టుకి ఆవిడ చేత డబ్బులు కట్టించకండి." అని కళ్ళు తుడుచుకుని డ్యూటీ దిగినట్టు రాయించుకోవడానికి వెళ్ళిపోయింది.

ముసలమ్మ ఇంటికొచ్చింది గాని లేవలేదు. నడక సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. దగ్గు ఒక పట్టాన వదలడం లేదు. ముందుగదిలో మంచం వేశారు. చూడ్డానికి జనం రావడం మొదలైంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఆమె ఒకే కథ చెప్పేది. "నేను పడ్డానని తెలియగానే మావాడు ఏమన్నాడో తెలుసా? ముట్టుకోవద్దన్నాడు. ఎత్తబోతే కీళ్ళ దగ్గర విరుగుతుందన్నాడు. డాక్టరు కూడా మెచ్చుకున్నాడు. ఆ మాటే అనకపోతే ఈపాటికి నేనెక్కడుండేదాన్నో." వింటున్నవాళ్ళు మేస్త్రి వైపు తిరిగి, కొడుకంటే ఇలా ఉండాలనేవాళ్ళు. అతను నీళ్ళ గ్లాసు తేవడానికో, కిటికీ వేయడానికో లేచేవాడు. ఒకసారి బావగాడు కూడా వచ్చాడు. "అత్తయ్యా, ఎలా ఉన్నావు?" అని కూర్చున్నాడో లేదో ఆమె కథ ఎత్తుకుంది. వాడు తల వంచుకుని చివరిదాకా విని, తెచ్చిన అరటిపళ్ళ సంచీ అక్కడే పెట్టి, చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పారిపోయాడు.

పొగడ్త ఇంత నొప్పి పెడుతుందని మేస్త్రికి ఎప్పుడూ తెలియదు. తిట్టినా ఇంతకంటే నయమనిపించేది. రైలు గదికి గొళ్ళెం పెట్టేశాడు. మొసలి సగం తుడిచిన ఒంటితో అక్కడే ఉండిపోయింది.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నారు. అతను రొట్టె ముక్కలు చేసి ఆమెకి తినిపిస్తున్నాడు.

"పళ్ళు బాగా కుదిరాయిరా" అంది ఆమె నములుతూ. "ఇప్పుడు అవీ కదలడం లేదు, నేనూ కదలడం లేదు."

అతను నవ్వలేకపోయాడు. ఆమె కాసేపు గోడవైపు చెవి పెట్టి, "రైలు చప్పుడు వినపడడం లేదేం?" అనడిగింది.

"నడపడం లేదమ్మా."

"ఎందుకూ? పడింది నేను కదా. దానికేమైంది?"

ఇక అతనివల్ల కాలేదు. భార్య చెప్పిందంతా గాలికెగిరిపోయింది. పళ్ళెం కింద పెట్టి, మంచం పట్టె పట్టుకుని, గబగబా చెప్పేశాడు. "అమ్మా, ఆ రోజు ఫోన్లో నేనన్నది నీ గురించి కాదు. ముసలమ్మ అంటే మొసలమ్మ అని వినబడింది. ఇంజను పడిందనుకున్నాను. ముట్టుకోవద్దన్నది దాన్ని. అన్నం తిని, కొట్టుకెళ్ళి, జిగురు తీసుకుని తీరిగ్గా వచ్చాను. నువ్వు నేల మీద ఉన్నావని నాకు తెలియదమ్మా."

ఆమె నోట్లో ఉన్నది నెమ్మదిగా నమిలి మింగింది.

"తెలుసురా" అంది.

"ఎవరు చెప్పారు? బావగాడా?"

"నువ్వే. నడుమైతే అతికించుకోవచ్చు, ముక్కు పోతేనే దొరకదు అన్నావుగా గుమ్మంలో. నాకు పళ్ళూడాయి గాని చెవులు ఊడలేదు."

అతను తల ఎత్తలేకపోయాడు. "మరి వచ్చినవాళ్ళందరికీ అలా ఎందుకు చెబుతున్నావమ్మా? నన్ను తిట్టు. చెంప పగలగొట్టు. ఆ కథ మాత్రం చెప్పకు, వినలేకపోతున్నాను."

"నీకోసం చెబుతున్నాననుకున్నావా?" ఆమె గొంతులో మొదటిసారి కోపం వినిపించింది. దగ్గు వచ్చింది, ఆగింది. "ఆ గచ్చు మీద పడుకుని, నొప్పికి కళ్ళు తిరుగుతుంటే, మావాడు చెప్పాడు, నా మంచికే చెప్పాడు అనుకుంటూ పళ్ళ బిగువున ఓర్చుకున్నాన్రా. ఆ వదులు పళ్ళతోనే. ఆ మాట నాకోసం అన్నది కాదంటే ఆ నొప్పంతా ఊరికే పడ్డట్టు కాదూ? చెప్పగా చెప్పగా నాకే నిజమనిపిస్తోంది. ఇంకొన్నాళ్ళు చెప్పుకోనీ."

అతనికి ఏడవడానికి కూడా ధైర్యం చాలలేదు. అంతలో తలుపు చప్పుడైంది. ఆమెతో పాటు లాండ్రీలో ఇస్త్రీ చేసిన పాత స్నేహితురాలు, కర్ర పట్టుకుని, ఆయాసపడుతూ లోపలికొచ్చింది. "ఎలా పడ్డావే?" అంటూ మంచం మీదే కూర్చుంది.

ముసలమ్మ దుప్పటి సర్దుకుంది, కింది పళ్ళు నాలుకతో ఒకసారి సరిచూసుకుంది, కథ మొదలుపెట్టింది. స్టూలు ఎక్కడం అయింది, పడడం అయింది, టైలరమ్మ ఫోను చేయడం అయింది. అక్కడ ఆగి, ఎప్పుడూ లేనిది కొడుకు వైపు తిరిగింది.

"అప్పుడు ఏమన్నావురా? నువ్వే చెప్పు."

అతను పళ్ళెం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరూ అతని నోటి వంకే చూస్తున్నారు.

"ఎవరూ ముట్టుకోవద్దన్నాను" అన్నాడు. "ఎత్తబోతే కీళ్ళ దగ్గర విరుగుతుందన్నాను."

"విన్నావా?" అంది ముసలమ్మ స్నేహితురాలితో, కొడుకు కట్టిన పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ.